కుక్కపిల్లకి శిక్షణా, శిక్షా?

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం నేనొక కుక్కపిల్లని చెప్పుతో కొట్టాను.

దానికి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. పేరు చుక్క, నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి. హన్మకొండలో మా ఇంటి వెనక సందులో, సగం కట్టి వదిలేసిన ఇంటి మెట్ల కింద దాని తల్లి ఈనింది. నాలుగు పిల్లల్లో మగవి మూడూ నడక నేర్చేసరికి ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. ఇది మిగిలింది. "ఆడకుక్క ఎందుకండీ, పిల్లల్ని పెడుతుంది, వాటినేం చేసుకుంటాం" అన్నారు అడిగిన ప్రతివాళ్లూ. ఆ మాట విన్నాక ఊరుకోలేక తెచ్చుకున్నాను. అందులో కుక్క మీద ప్రేమ ఎంతో, స్త్రీవాదం ఎంతో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

ఆ మధ్యాహ్నం మంచం మీద ఆరబోసినట్టు పరిచి పెట్టుకున్న ప్రూఫులు, ముప్పై నలభై కాగితాలు, అది నోటితో లాగి చింపి వంటింటి గడప దాకా ఈడ్చుకెళ్లింది. ఆ కాగితాల్లో ఏముందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తెలుగు కథల్లో గృహహింస మీద రాసిన వ్యాసం అది. నా కాలికున్న చెప్పు నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. రెండు దెబ్బలు వేశాను. మూడోది వెయ్యబోతుంటే అది పొట్ట నేలకి ఆనించి, చెవులు వెనక్కి వేసి, నిలబడ్డచోటే ఉచ్చపోసుకుంది.

ఆ తడిని నేను ఎరుగుదును. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు బెత్తం తీసినప్పుడు నా పక్కన కూచున్న పిల్ల గౌను కింద చూశాను. నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒకావిడ, ముగ్గురు పిల్లల తల్లి, భర్త గొంతు వీధిలో వినిపిస్తే చాలు పెరట్లోకి పరిగెత్తేది. ఎందుకో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. నా వ్యాసానికి కావలసిన ఉదాహరణ నా చెప్పు కింద ఉంది.

కుక్కపిల్ల గురించి స్త్రీవాద పత్రికలో ఏం రాస్తారు, ఇంకా రాయవలసినవి ఎన్ని లేవు అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ తర్వాత ఆరునెలలు ఈ ఒక్క చిన్న జంతువుని ఎలా పెంచాలన్న విషయం మీద నా చుట్టూ వినిపించిన మాటలు విన్నాక, ఇవి కుక్క గురించిన మాటలు కావు, మనం ఎప్పటినుంచో వింటున్న మాటలే అని తెలిసింది. "గట్టిగా ఉండకపోతే నెత్తికెక్కుతుంది." "మొదట్లోనే భయం పెట్టాలి." "మొక్కై వంగనిది మానై వంగునా." "మీరు ముద్దు చేసి పాడుచేస్తున్నారు." కోడలి గురించీ, కూతురి గురించీ, బడిపిల్లల గురించీ, కూలివాళ్ల గురించీ అన్న మాటలే కదా ఇవి! ఒక్క పదం మార్చలేదు.

అసలు మన భాషలోనే ఉంది తిరకాసు. శిక్ష అంటే సంస్కృతంలో నేర్పడం. వేదాంగాల్లో ఒకదాని పేరే శిక్ష, ఉచ్చారణ నేర్పే శాస్త్రం. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట దండన అయి కూచుంది. నేర్పడానికి 'శిక్షణ' అని ఇంకో మాట తెచ్చుకోవలసి వచ్చింది, అందులోనూ శిక్ష దాక్కునే ఉంది. మరో పక్క మనకి మచ్చిక అనే మాట ఉంది, మాలిమి అనే మాట ఉంది. జంతువు మన దగ్గర బెదురు మాని మసలడాన్ని చెప్పే మాటలివి. పశువుల్ని పెంచినవాళ్ల నోళ్లలోంచి పుట్టిన మాటలు. కుక్కల ట్రైనర్ల నోట ఇవి వినపడవు. వాళ్లకి "ఒబీడియెన్స్" కావాలి.

మా సహచరుడు ఒక ట్రైనర్ని పిలిపించాడు. మనిషి మంచివాడే, జంతువులంటే ఇష్టం లేనివాడేం కాదు. సంచీలోంచి ఒక ఇనప గొలుసు తీశాడు. లాగితే మెడకి బిగుసుకుంటుంది, వదిలితే సడలుతుంది. "మేడమ్, ఇది గుంపు జంతువు. గుంపుకి ఒక లీడర్ ఉంటాడు. మీరు లీడర్ కాకపోతే అదే లీడర్ అయిపోతుంది" అన్నాడు. మీరు తిన్నాకే దానికి పెట్టండి, గుమ్మంలోంచి ముందు మీరు వెళ్లండి, తప్పు చేస్తే వెల్లకిలా పడేసి మెడ పట్టుకుని లొంగేదాకా వదలకండి, ఉచ్చపోస్తే ముక్కు అందులో రాయండి... వరసగా చెప్పుకుపోయాడు. మగవాళ్లు ముందు తిని ఆడవాళ్లు తర్వాత తినే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఆ మొదటి సూత్రం వినగానే నవ్వొచ్చింది. మా నాయనమ్మ బతికున్నంత కాలం మా తాతయ్య విస్తట్లోనే తిన్నది. ఆ ఇంట్లో ఎవరు లీడరో ఎవరూ మాకు పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఈ లీడర్ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోయాను. అధ్యాపకురాలి జబ్బు, పదవీ విరమణతో పోలేదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో తోడేళ్లని చూసి ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. చిన్న ఆవరణలో బంధించిన తోడేళ్లు అవి. వాటి మధ్య పోట్లాటలు చూసి, పై స్థానం కోసం నిత్యం కలహం ఉంటుందని నిర్ధారించాడు. 1970లో డేవిడ్ మీచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తోడేళ్ల మీద రాసిన పుస్తకం ఆ ఆలోచనని లోకమంతా పంచిపెట్టింది. ఆ తర్వాత అదే మీచ్ కెనడాలోని ఒక ఉత్తరధ్రువ ద్వీపంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల మధ్య ఏటా వేసవులు గడిపాడు. చూస్తే గుంపు అనేది చాలావరకు ఒక కుటుంబం. తల్లి, తండ్రి, రెండుమూడు ఈతల పిల్లలు. అక్కడ పదవి కోసం యుద్ధాలు లేవు. ఎదిగిన పిల్లలు తమ జతని వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. 1999లో ఆయన ఈ సంగతి రాసి, 'ఆల్ఫా' అన్న మాట వాడకం మానాలన్నాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని తానే ప్రచురణకర్తల్ని ఏళ్ల తరబడి అడిగాడు.

ఎంతమంది మగ మేధావులు తాము రాసింది తప్పని ఒప్పుకుని పుస్తకం ఆపమన్నారో నాకైతే గుర్తు రావడం లేదు, అందుకని ఆయనకి ఒక నమస్కారం. కానీ ఏమైంది? శాస్త్రం వెనక్కి తీసుకున్న మాటని లోకం వెనక్కివ్వలేదు. 2004లో అమెరికన్ టీవీలో మొదలైన ఒక కార్యక్రమం ఆ లీడర్‌ని మళ్లీ ఇంటింటికీ తెచ్చింది. ఇప్పుడు హన్మకొండలో నా గుమ్మం ముందు నిలబడ్డ కుర్రాడి నోట అదే మాట. జైల్లో పెట్టిన ప్రాణులు ఎలా కొట్టుకుంటాయో చూసి, ప్రకృతి ఇంతే అని తేల్చెయ్యడం మనకి కొత్తా? అత్తాకోడళ్ల గురించి చెప్పింది ఇదే కదా. నాలుగు గోడల మధ్య, ఒకే పొయ్యి మీద ఇద్దరు ఆడవాళ్లని కట్టేసి, "ఆడదానికి ఆడదే శత్రువు" అన్నారు. గోడలు ఎవరు కట్టారని అడగలేదు.

తోడేళ్ల కంటే ముందే గొలుసు ఉంది. 1910లో కోన్రాడ్ మోస్ట్ అనే జర్మన్ పోలీసు అధికారి కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం రాశాడు. పోలీసుకీ, సైన్యానికీ కుక్కల్ని తయారుచేసే పద్ధతి అది. 1962లో అమెరికాలో విలియం కోహ్లర్ రాసిన పుస్తకం ఇళ్లలో పెంచే కుక్కల శిక్షణకి చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. ఆయన కూడా యుద్ధకాలంలో సైన్యానికి కుక్కల్ని తయారుచేసినవాడే. పెరట్లో గుంటలు తవ్వే కుక్కకి ఆయన చెప్పిన మందు ఏమిటో తెలుసా? అది తవ్విన గుంటలో నీళ్లు నింపి దాని తల అందులో ముంచమన్నాడు. బారక్స్ లోంచి వచ్చిన పద్ధతి ఇంటి హాల్లోకి వచ్చి 'క్రమశిక్షణ' అయింది. చూశారా, మళ్లీ అందులోనూ శిక్షే.

కొడితే పని జరగదని నేననడం లేదు. అలా అనడం అబద్ధం, మన వాదనకి బలహీనత కూడా. జరుగుతుంది. నేను చెప్పుతో కొట్టాక చుక్క వారం రోజులు కాగితం జోలికి పోలేదు. నేనున్న గదిలోకే రాలేదు. నేను నేర్పింది ఏమిటి? కాగితం చింపకూడదని నేర్పానా, నేనంటే ప్రమాదమని నేర్పానా? ఉచ్చ ముక్కుకి రాస్తే కుక్క నేర్చుకునేది ఇంట్లో పొయ్యకూడదని కాదు, మనిషి చూస్తుండగా పొయ్యకూడదని. తర్వాత అది మంచం కిందా బీరువా వెనకా పోస్తుంది. "దొంగబుద్ధి" అంటాం. భయంలో బతికేవాళ్లందరికీ లోకం ఇచ్చే బిరుదు అదే కదా.

ఇంకో మాట ఉంది. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి." తల వంచి, ఓరచూపు చూసి, తోక ముడుచుకుంటుంది కదా, అది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త దీన్నే పరీక్షించింది. తినొద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదానికీ ఆ మొహానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిడితే ఆ మొహం వస్తుంది. ఏ తప్పూ చెయ్యని కుక్కని పొరపాటున తిట్టినా వస్తుంది. అంటే అది పశ్చాత్తాపం కాదు, ఎదుటివాళ్ల కోపాన్ని చల్లార్చే ప్రయత్నం. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాఫీ చల్లారిపోతే, ఆడపడుచు అలిగితే, వాన పడితే, మా అమ్మ మొహంలో ఆ ఓరచూపు ఉండేది. నేను కొన్నేళ్లపాటు కాలేజీలో ప్రిన్సిపాల్ గదిలోకి అదే మొహంతో వెళ్లాను. తప్పు ఏమిటో తెలీదు, క్షమాపణ మాత్రం సిద్ధంగా ఉండేది.

గుర్రుమంటే కొట్టమన్నాడు ట్రైనర్. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, నిజమే. జంతు ప్రవర్తన తెలిసినవాళ్లు భయపడేది సరిగ్గా దీనికే. గుర్రుమనడం అంటే "నాకు బాగాలేదు, ఇంక వద్దు" అని కుక్క చెప్పగలిగిన ఒకే ఒక మాట. ఆ మాట నొక్కేస్తే, తర్వాత అది చెప్పకుండా కరుస్తుంది. "ఎప్పుడూ నోరెత్తని కుక్క, ఉన్నట్టుండి పిల్లాణ్ణి కరిచింది" అంటారు. ఉన్నట్టుండి ఏమీ ఉండదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు 2009లో, ప్రవర్తన సమస్యలతో తమ ఆసుపత్రికి తెచ్చిన కుక్కల యజమానుల్ని అడిగితే, కొట్టడం తన్నడం చేసినవాళ్లలో నూటికి 43 మంది కుక్కలు తిరగబడ్డాయని చెప్పారు. అప్పటికే సమస్య ఉన్న కుక్కలు కాబట్టి దీన్ని అన్ని కుక్కలకీ అన్వయించకూడదు. పోర్చుగల్‌లో 2020లో జరిగిన అధ్యయనం మామూలు కుక్కల మీద. ఏడు శిక్షణ బడుల్లోని 92 కుక్కల్ని చూస్తే, దండన ఎక్కువగా వాడే బడుల్లోని వాటి లాలాజలంలో శిక్షణ తర్వాత ఒత్తిడి హార్మోను పెరిగింది. బడి బయట కూడా అవి ప్రతిదానికీ చెడే జరుగుతుందన్నట్టు ఆచితూచి అడుగేశాయి.

కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది వేరే ప్రయోగం. మనలో చాలామందికి దాని పేరు తెలుసు, అందులో కుక్కలున్న సంగతి మర్చిపోయాం. 1967లో అదే పెన్సిల్వేనియాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కల్ని కదలకుండా కట్టి కరెంటు షాకులిచ్చారు. అవి ఏం చేసినా షాకు ఆగదు. తర్వాత వాటిని మధ్యలో పొట్టి అడ్డు ఉన్న పెట్టెలో పెట్టారు. అడ్డు దూకితే చాలు, షాకు తప్పుతుంది. చాలా కుక్కలు దూకలేదు. మూలుగుతూ పడుకుని భరించాయి. దీన్ని 'నేర్చుకున్న నిస్సహాయత' అన్నారు. 1979లో లెనోర్ వాకర్ దెబ్బలు తినే భార్యల గురించి పుస్తకం రాస్తూ ఈ కుక్కల్నే చూపించింది. "కొడుతుంటే ఎందుకు వదిలి రాదు?" అన్న ప్రశ్నకి అదొక జవాబు. ఆ జవాబుతో స్త్రీవాదులకి పేచీ కూడా ఉంది. దెబ్బలు తినే స్త్రీ ఊరికే పడి ఉండదు, పుట్టింటికీ పోలీసు స్టేషనుకీ కులపెద్దల దగ్గరకీ తిరుగుతూనే ఉంటుంది, తలుపులు మూసేది లోకం అని. ఆ పేచీలో నేను వాళ్ల పక్షం.

యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరు శాస్త్రవేత్తలే మెదడు మీద వచ్చిన కొత్త పరిశోధనలు చూసి తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. దీర్ఘమైన బాధ ముందు చతికిలబడటం నేర్చుకునేది కాదట, శరీరం దానంతటది చేసేదేనట. నేర్చుకోవలసింది దానికి వ్యతిరేకం: "నేను ఏదైనా చేస్తే ఏదైనా మారుతుంది" అన్న సంగతి. అది చిన్నప్పుడే ఒంటపడితే తర్వాతి బాధలకి కాస్త కవచం. మొదటి కుక్కల్ని బాగుచెయ్యడానికి కూడా వాటిని తాళ్లతో అడ్డు మీదుగా మళ్లీమళ్లీ లాగవలసి వచ్చింది, దూకితే నొప్పి ఆగుతుందని ఒంటితో తెలిసేదాకా.

నా గొడవ ఇక్కడే. మృదువా, కఠినమా అని అడుగుతున్నారు అందరూ, కూరలో కారం ఎక్కువా తక్కువా అన్నట్టు. నేను అడిగేది వేరు. ఈ చిన్న ప్రాణి చేసే పనికి లోకంలో జవాబు వస్తోందా? కూచుంటే మంచి జరుగుతుందని, వస్తే మంచి జరుగుతుందని, వద్దని చెబితే వింటారని దానికి తెలుస్తోందా? గొలుసు పద్ధతిలో కుక్క ఏం చేసినా దొరికేది, మహా అయితే, నొప్పి లేకపోవడం. నొప్పి లేకపోవడాన్నే సుఖమనుకోమని మనకి ఎన్ని తరాలుగా చెబుతున్నారు! "కొట్టడు, తాగడు, ఇంకేం కావాలి నీకు?"

ఇదంతా విని నా స్నేహితురాలు, నాకంటే పదునైన బుర్ర, ఒక మాటతో నన్ను ఆపేసింది. "బిస్కెట్ పెట్టి కూచోబెడితే అది ఆధిపత్యం కాదా? మాట వింటే పట్టుచీర, లక్ష్మణరేఖ దాటకపోతే వంకీలు, అరవంకీలు. పితృస్వామ్యం ఎప్పుడూ కర్రతోనే నడిచిందా? బహుమతితోనే ఎక్కువ నడిచింది. నీ బిస్కెట్ కంటే ఆ గొలుసే నిజాయితీ."

ఈ వాదన కొత్తది కాదు, తీసిపారేసేదీ కాదు. విక్కీ హెర్న్ అనే అమెరికన్ కవయిత్రి, జంతువులకి శిక్షణనిచ్చిన మనిషి, 1986లో పుస్తకం రాసి మరీ కోహ్లర్‌ని సమర్థించింది. తిండి ఆశ చూపి ఆడించడం జంతువుని యంత్రంగా చూడటమనీ, కఠినమైన పనిలో దానికి గౌరవం ఉందనీ ఆమె వాదం. స్త్రీవాద సిద్ధాంతకర్త డోనా హారవే 2003లో కుక్కల మీద రాసిన చిన్న పుస్తకంలో హెర్న్‌నీ, తిండితో నేర్పేవాళ్లనీ పక్కపక్కన పెట్టి, పద్ధతులు బద్ధవిరుద్ధమైనా ఇద్దరిలోనూ ఎదుటి జంతువు మీద ఒక తీవ్రమైన శ్రద్ధ ఉందని గుర్తించింది. హారవే మీద నాకు గౌరవం ఉంది. కానీ శ్రద్ధ ఒక్కటే చాలదు. పోలీసు విచారణ గదిలో కూడా ఎదుటి మనిషి మీద శ్రద్ధ చాలా తీవ్రంగానే ఉంటుంది.

నా స్నేహితురాలికి నేను అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. అవును, బిస్కెట్ నా చేతిలో ఉంది, అధికారం నాదే. తలుపు గొళ్లెం నా చేతికే అందుతుంది. అధికారం లేనట్టు నటించడం అన్నిటికంటే పెద్ద మోసం, "నువ్వు నా దేవతవి" అనే మొగుళ్ల మోసం. అయితే పట్టుచీరకీ బిస్కెట్‌కీ ఒక తేడా ఉంది. కట్టుకోనంటే చీరతో పోదు, దాని వెనక చెయ్యి లేస్తుందని ఇద్దరికీ తెలుసు. చుక్కని పిలిచినప్పుడు రాకపోతే దానికి ఏమీ జరగదు. బిస్కెట్ రాదు, అంతే. అన్నం మాత్రం వేళకి వస్తుంది, పిలిస్తే వచ్చినా రాకపోయినా. అన్నాన్ని కూడా షరతు చేస్తే అప్పుడు నా స్నేహితురాలు అన్నదే నిజం. కాదనే స్వేచ్ఛకి ఖరీదు ఎంత పెట్టామన్నదే నేను చూసుకుంటున్నాను. రోజుకి ఎన్నోసార్లు అది కాదంటుంది. కొన్నిసార్లు నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఈ మృదువైన పద్ధతి అంటున్నదాని గురించి ఒక నిజం చెప్పాలి. అది చాకిరీ. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కూతురు చెబితే మొదలుపెట్టాను. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడాక, లేదంటే ప్రతి రెండు గంటలకీ పెరట్లోకి తీసుకెళ్లాలి. అక్కడ పోస్తే అక్కడే, ఆ క్షణంలోనే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. లోపలికొచ్చి పెడితే లోపలికొచ్చినందుకు పెట్టినట్టు. లోపల పోస్తే నోరు మూసుకుని తుడవాలి. పళ్లు ఊడి కొత్తవి వచ్చే ఆరేడు నెలల దాకా కొరుకుతుంది, అందుకని తడిపి ముడివేసిన పాత తువ్వాలు ఇవ్వాలి, చెయ్యి కొరికితే ఆట ఆపి లేచిపోవాలి. కాగితాలు కింద పెట్టకూడదు. (ఇదేదో మొదటే చేసి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే పని తప్పేది.) రాత్రి రెండింటికి లేచింది ఎవరనుకున్నారు? గొలుసు పట్టుకుని ఉదయం ఆరింటికి నలుగురు చూసేలా నడిపించేది ఆయన, వెనక గుడ్డ పట్టుకుని తిరిగేది నేను. ఆయన పదినిమిషాల "డిసిప్లిన్"కి పేరుంది. నా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలకి వచ్చిన పేరు "గారాబం". నలభై రోజులు చూసి ఒకరోజు గుడ్డా బకెట్టూ ఆయన ముందు పెట్టాను. రాత్రి వంతు ఆయనది అయ్యాక, ముక్కు ఉచ్చకి రాయాలన్న సలహా ఆయనకే వెర్రిగా తోచింది. తుడిచేవాళ్లకి పద్ధతి తొందరగా అర్థమవుతుంది.

తిండితో, ఓర్పుతో నేర్పే శాస్త్రాన్ని నిలబెట్టడంలో ఆడవాళ్లదే పెద్ద చెయ్యి. స్కిన్నర్ శిష్యురాలు మేరియన్ బ్రేలండ్ భర్తతో కలిసి 1940లలోనే కోళ్ల దగ్గర్నుంచి ఎన్నో రకాల జంతువులకి దండన లేకుండా పనులు నేర్పింది. డాల్ఫిన్లకి నేర్పిన కెరెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం ఈ పద్ధతిని సామాన్యుల చేతికిచ్చింది. నీళ్లలో ఈదుకుంటూ పోయే డాల్ఫిన్ మెడకి గొలుసు వెయ్యలేం కదా. దాన్ని ఒప్పించాలి.

ఇంతవరకూ నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మా ఇంట్లో పనిచేసే ఆమె దగ్గర మొదలైంది. చుక్కకి గుడ్డు ముక్కలు చిన్నచిన్నగా కోసి డబ్బాలో వేస్తుంటే చూసి, "కుక్కను కొట్టొద్దంటున్రు. మంచిదే అమ్మా. మా పోరన్ని హాస్టల్ల సారు వైరుతోటి కొట్టిండు. ఈపు మీద గీతలు తేలినై. నేను పోయి అడిగితే, కొట్టకుంటె ఎట్ల చదువుతడు అన్నడు. నాకూ గట్లనే అనిపిచ్చింది" అంది. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని నాకు తెలుసు, ఆమెకి తెలీదు. తెలిసినదాన్ని నేను, ఆమె మా ఇంట్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది, పిల్లవాడి వీపు గురించి అడగలేదు. కుక్క లాలాజలంలో హార్మోను గురించి మాత్రం అర్ధరాత్రి దాకా చదివాను.

దీనికి నా దగ్గర తియ్యని సమాధానం లేదు. కుక్క గురించి ఆలోచించడం మానేస్తే ఆ పిల్లవాడి వీపు మానదు. అలాగని కుక్క పుణ్యాన పిల్లవాడు గుర్తొచ్చాడని సంబరపడనూలేను. ఇద్దరం కలిసి హాస్టలుకి వెళ్లాం. సారు నన్ను కుర్చీలో కూచోబెట్టాడు, ఆమెని కూచోమనలేదు. కాగితం మీద రాసిస్తామంటే గొంతు మారింది. ఆ ఏడాదిలో పిల్లవాణ్ణి మళ్లీ కొట్టలేదట. మిగతా పిల్లల సంగతి నేను చెప్పలేను. తిరిగొస్తూ ఆటోలో ఆమె, "నేను గూడ ఇంట్ల కొడుత అమ్మా, ఎవ్వరికీ చెప్పకు" అంది. నేను చెప్పు సంగతి చెప్పాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి నన్నయ ఆదిపర్వం చెప్పాను. కథ ఎక్కడ మొదలవుతుందో గుర్తుందా? జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. ఒక కుక్కపిల్ల, సరమ కొడుకు, ఆడుకుంటూ యాగశాలలోకి వచ్చింది. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. వ్యాసుడి మూలంలో అయితే ఆ పిల్ల తల్లి దగ్గరకి ఏడుస్తూ వెళ్లి, నేను హవిస్సు వైపు చూడను కూడా లేదు, నాకలేదు అని చెప్పుకుంటుంది. సరమ నేరుగా వచ్చి రాజుని నిలదీస్తుంది. ఏ తప్పూ చెయ్యని పిల్లని ఎందుకు కొట్టారు? వివేకం లేకుండా బలహీనుల్ని బాధించేవాళ్లకి ఎక్కడినుంచో తెలియని భయాలు వచ్చిపడతాయి. అని వెళ్లిపోతుంది. రాజు బెదిరి, శాంతి చెయ్యడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోతాడు. కుక్కపిల్లకి క్షమాపణ చెప్పాడని ఎక్కడా లేదు. ఆ రాజే తర్వాత సర్పయాగానికి కూచున్నాడు.

ఆ పద్యాన్ని ఎన్నిసార్లు చెప్పానో! అన్వయం చెప్పాను, నీతి చెప్పాను, పరీక్షలో తప్పక వస్తుందని చెప్పాను. నిండు సభలో రాజుని నిలదీసిన ఆడగొంతుల గురించి వ్యాసాలు రాసేటప్పుడు ద్రౌపది దగ్గర మొదలుపెట్టేదాన్ని. అంతకుముందే ఒక తల్లి అదే పని చేసిందనీ, ఆమె కుక్క కాబట్టి నా లెక్కలోకి రాలేదనీ ఈ శ్రావణం దాకా నాకు తట్టలేదు. ఒక్క విద్యార్థి కూడా, ఇంతకీ ఆ కుక్కపిల్ల ఏమైంది మేడమ్ అని అడగలేదు. అడిగే వీలు నా క్లాసులో లేదేమో.

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అంటారు. నా కుక్క కరవను కూడా లేదు.

చుక్కకి ఇప్పుడు ఏడాది దాటింది. టీకాలన్నీ వేయించాం, ఆపరేషన్ చేయించాం. పిలిస్తే వస్తుంది, పదిసార్లలో ఎనిమిదిసార్లు. కూచోమంటే కూచుంటుంది. గేటు దగ్గర కొత్తవాళ్లని చూసి గుర్రుమంటుంది, గుర్రుమననిస్తాం. మా పనావిడ కొడుకు సెలవులకి వస్తే వాడితోనే ఉంటుంది, వాడి దగ్గర అది నేర్చిన రెండు విద్యలు నాకు తెలీవు. ట్రైనర్ వదిలివెళ్లిన గొలుసు స్టోర్‌రూములో ఎక్కడో ఉండాలి.

ఒక్కటి మాత్రం పోలేదు. నేను చెప్పులు తొడుక్కుందామని వంగితే చాలు, మంచం కిందికి దూరుతుంది. గుడ్డు ముక్కలు చెప్పు పక్కన పెట్టి చూశాను, చెప్పు మీద పెట్టి చూశాను. ముక్క తింటుంది, మళ్లీ మంచం కిందికే. అందుకని చెప్పులు వరండాలోనే వదిలేసి ఇంట్లో ఉత్తకాళ్లతో తిరుగుతున్నాను. గచ్చు మీద అలా తిరగొద్దని మోకాళ్ల డాక్టరు రెండుసార్లు కోప్పడ్డాడు.